మరిగిన రాయి

ఇన్‌స్పెక్టరుకు స్టేషన్లో వాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు శుభం కార్డు. ఏ కేసు చేతికి వచ్చినా నాలుగో రోజుకల్లా సినిమా అయిపోవాల్సిందే. పళ్ల డాక్టరు చనిపోయింది మంగళవారం, ఇవాళ శుక్రవారం. ముద్దాయిని సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరుపరిచి ఈ కథకూ శుభం పలకాలని ఆయన తొందరలో ఉన్నాడు.

సరిగ్గా రెండూ ఐదుకు ఆరా ఆ డాక్టరు ఇంటి గుమ్మం ఎక్కింది.

ఆరా అనేది ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నాక, ప్రతిదానికీ ఆరాలు తీస్తుందని జనం ఖాయం చేసిన పేరది. వయసు యాభై దాటింది. మోకాళ్లకు నొప్పులు, ముక్కు మీద కోపం, రెండూ ఉన్నాయి. ఆమెను పంపింది లాకప్‌లో ఉన్న మనిషి అక్క, బట్టలు కుట్టే ఆవిడ. "నా తమ్ముడు చీమకు కూడా హాని తలపెట్టడమ్మా" అంది. ఆ మాట అందరి అక్కలూ అంటారు, ఆరా పట్టించుకోలేదు. "వాడు చూసుకునే చేపల ట్యాంకుల్లో నత్త చచ్చిపోయినా ఆ పూట అన్నం ముట్టడు" అంది తరవాత. ఆ మాటకు మాత్రం ఆరా చెప్పులు వేసుకుని బయల్దేరింది.

"రండి రండి ఆరా గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, హాల్లో కుర్చీలోంచి లేవకుండానే. "బండి వెళ్లిపోయాక స్టేషన్‌కొచ్చారు."

"బండి నాలుగింటికి కదా. ఇంకా రెండు గంటలు టైముంది."

"మీ ఇష్టం. ఆరోగ్యానికి నడక మంచిదే. కేసు మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత సులువు. వింటారా?"

"చెప్పండి. పండు నేను తింటానో లేదో తరవాత సంగతి."

ఇన్‌స్పెక్టరు గోడ వైపు చెయ్యి చూపించాడు. ఆరడుగుల పొడవున్న గాజు ట్యాంకు. సముద్రపు నీళ్లంత ఉప్పగా కలిపిన నీళ్లు, లోపల రాళ్లు, రాళ్ల మీద రంగురంగుల ప్రాణమున్న పగడాలు. కానీ ఆ రంగుల మీద పచ్చటి నాచు ముదిరి ఉంది. వెనక వరస రాళ్లకు వెంట్రుకల్లాంటి నాచు జానెడు పొడవున వేలాడుతోంది. మూడు రోజులుగా ఎవరూ గీకకపోవడంతో గాజు మీద కూడా పల్చటి పచ్చ పొర పట్టింది.

"ఆరు నెలలుగా ఈ నాచుతోనే డాక్టరు గారి యుద్ధం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ట్యాంకు చూసుకునేది మన ముద్దాయే, అందరూ ఉప్పునీళ్లాయన అంటారు. ఏవేవో వైద్యాలు చేశాడు. లైట్లు తగ్గించాడు, మేత తగ్గించాడు, నల్లగుడ్డ కప్పి మూడు రోజులు చీకట్లో ఉంచాడు. అబ్బే, లాభం లేదు. పోయిన వారం డాక్టరు గారు అతన్ని నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టారు. సోమవారం సాయంత్రం ఐదింటికి వాడొచ్చి, ఇదిగో ఈ సీసాలోని నాచు మందు ట్యాంకులో పోశాడు. 'అదిగో, ఆ రాయిని తీసి మరిగించండి, నాచు వేళ్లతో సహా చస్తుంది' అని సలహా కూడా ఇచ్చాడు. మంగళవారం డాక్టరు గారు రాయిని గిన్నెలో వేసి మరిగించారు. రాయికి పట్టిన మందు ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోయింది. సాయంత్రానికి ఆసుపత్రిలో పోయారు. ఆవిరి పీల్చే పోయారని ఆసుపత్రి వాళ్లే రాసిచ్చారు. ఏ విషమో తేలడానికి మూడు వారాలు పడుతుందట. నాకంత ఓపిక లేదు."

ఆరా ట్యాంకు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కీళ్లు కటకటమన్నాయి. గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"రొయ్యలు ఎన్నున్నాయో లెక్కపెట్టారా?"

"ఎందుకు, కూర వండుతారా?"

"నాలుగు. ఎర్రచారల రొయ్యలు నాలుగూ బతికే ఉన్నాయి, అదిగో మీసాలు ఊపుతున్నాయి. నత్తలు తొమ్మిది వరకూ కనిపిస్తున్నాయి, అన్నీ పాకుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ నీళ్లలో విషం పడితే ముందు చచ్చేది రొయ్య. సోమవారం పోసిన మందు శుక్రవారానికి రొయ్యను చంపలేదు. అదే మందు, అందులోంచి తీసిన ఒక్క రాయికి అంటిన తడి మాత్రం, మంగళవారానికే మనిషిని చంపిందా?"

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి ట్యాంకు దగ్గరికి వచ్చాడు. శుభం కార్డు వేయడంలో తొందరే కానీ ఆయన తెలివితక్కువ మనిషేం కాదు. ఆ సంగతి ఆరాకు తెలుసు. ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క బల్లలు.

"మరి దేనితో చచ్చాడంటారు?"

"రాయితోనే." ట్యాంకు ఎడమ మూలలో ఇసుక మీద అరచెయ్యంత ఖాళీ చోటు చూపించింది. "ఇక్కడ ఉండేది ఆ రాయి. దాని మీద చొక్కా బొత్తాల్లాంటి పగడాలు గుంపుగా ఉండేవి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, ఒంట్లో మాత్రం నిలువెల్లా విషం. చల్లటి నీళ్లలో వాటి మానాన వాటిని వదిలేస్తే ఎవరి జోలికీ రావు. మరిగిస్తే ఆ విషం ఆవిరిలో లేస్తుంది. పొద్దున లాకప్‌లో ఉప్పునీళ్లాయన చెప్పాడు. ఈ పని చేసేవాళ్లందరికీ ఓనమాలతో పాటు నేర్పే సంగతట ఇది. అలాంటి మనిషి మరిగించమని సలహా ఇస్తాడా?"

"పగబట్టినవాడు ఇస్తాడు. నలుగురిలో తిట్లు తిన్నాడు కదా."

"డాక్టరు గారికి ట్యాంకు పెట్టిన మొదటిరోజే ఈ రాయి సంగతి చెప్పానంటున్నాడు."

"మెడ మీదికి వస్తే ఎవడైనా అదే అంటాడు. చెప్పాడనడానికి సాక్ష్యం ఏదీ? డాక్టరు గారు వచ్చి చెబుతారా?"

ఆరా లేచి వంటింట్లోకి నడిచింది.

చిన్న వంటిల్లు. పొయ్యి గట్టుకు పైన రెండు కిటికీలు, రెండూ పెరట్లోకి. పొయ్యికి నాలుగడుగుల దూరంలో, తలుపు పక్కన, నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. పొయ్యి పక్కనే ఒక చెక్క కుర్చీ. వంటింట్లో కుర్చీ ఏమిటని ఆరాకు అనుమానం వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ అలాంటివి ఐదే ఉన్నాయి. ఆరోదాన్ని ఎవరో ఇక్కడికి తెచ్చి వేశారు.

డాక్టరు గారి భార్య డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. తల దువ్వుకుంది, చీర మడతలు చక్కగా ఉన్నాయి, ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆరా ఎదురుగా కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కూడా ఒక కుర్చీ లాక్కున్నాడు.

"నేనూ వింటాను. ఈ వయసులో ట్యూషనుకి వచ్చినట్టుంటుంది."

ఆరా ఆయన్ని పట్టించుకోలేదు. "అమ్మా, మంగళవారం మీరు ఇంట్లోంచి ఎన్నింటికి బయటికి వెళ్లారు?"

"పావు తక్కువ పదికి. పక్కింటికి."

"తిరిగొచ్చింది?"

"పదకొండూ పదికి. వంటింటి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఘాటు కొట్టింది. ఆయన నేల మీద పడి ఉన్నారు. పెరట్లోకి పరిగెత్తి బయట నుంచి కిటికీ రెక్కలు లాగాను. ఆంబులెన్సుకు ఫోన్ చేశాను. వాళ్లు పదకొండూ పాతికకు వచ్చారు."

"పొయ్యి మీద గిన్నె ఎవరు పెట్టారు?"

"మావారే. ఇన్‌స్పెక్టరు గారికి చెప్పాను కదండీ."

"చెప్పారు, చదివాను. ఇప్పుడు నేను చెప్పేది వినండి. మీవారు క్లినిక్‌లోంచి పదీ నలభైకి బయల్దేరారు. నర్సు చెప్పింది. నడిస్తే పదిహేను నిమిషాలు. ఇంటికొచ్చేసరికి పదీ యాభై అయిదు. మీరొచ్చేసరికి పదకొండూ పది. మధ్యలో పావుగంట. పావుగంటలో అంత గిన్నెలో నీళ్లు పొంగు కూడా రావు. ఇన్‌స్పెక్టరు గారు స్వాధీనం చేసుకున్న గిన్నెలో నీళ్లు సగానికి మరిగి ఉన్నాయి. నిన్న మా ఇంట్లో అలాంటి గిన్నెలో అన్నే నీళ్లు పోసి చూశాను. పొంగు రావడానికి అరగంట, సగం కావడానికి ఇంకో గంటా పావు. ఆంబులెన్సు వాళ్లు వచ్చి పొయ్యి కట్టేసింది పదకొండూ పాతికకు, అంటే అది వెలిగింది తొమ్మిదీ నలభైకి. అప్పుడు మీవారు క్లినిక్‌లో ఎవరి పన్నో పీకుతున్నారు. మీరేమో ఇంకో అయిదు నిమిషాలకు గడప దాటారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ కిర్రుమంది. ఆవిడ టేబుల్ మీద తన చేతుల్ని చూసుకుంది.

"నేనే వెలిగించాను," అంది చివరికి.

"ఎవరు వెలిగించమన్నారు?"

"ఆయనే. పొద్దున వెళ్లేముందు రాయి గిన్నెలో వేసి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టి వెళ్లారు. తొమ్మిదిన్నర దాటాక వెలిగించు అన్నారు. కిటికీలు మూసెయ్, గాలికి మంట ఆరిపోతుంది అన్నారు. కుర్చీ కూడా ఆయనే తెచ్చి వేశారు. ఇక్కడే కూర్చో, పొంగొస్తే మూత తీస్తూ ఉండు, నేను ఫోన్ చేసేదాకా కదలొద్దు అన్నారు. ఉప్పునీళ్లాయన ఇలా చెయ్యమన్నాడని చెప్పారు."

"మీరు కూర్చోలేదు."

"పక్కింటికి వెళ్లాను. మాటల్లో టైము తెలియలేదు."

"మరి పోలీసులకు అబద్ధం ఎందుకు చెప్పారు?"

"పొయ్యి నేనే వెలిగించానంటే మొగుణ్ణి చంపిందనరా?"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సరే, పొయ్యి ఈవిడ వెలిగించింది. సలహా మాత్రం వాడిదే కదా. మీరు తవ్వింది కొండ, పట్టింది ఎలుక, ఆరా గారూ. వాడు లోపలే ఉంటాడు."

"సలహా అతనిదని చెప్పిందెవరు? డాక్టరు గారు. అతను చెప్పగా విన్నవాళ్లు ఒక్కరూ లేరు." ఆరా సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ఇది ఆంబులెన్సు వాళ్ల జాబితా. ఒంటి మీద ఉన్న వస్తువులు. వాచీ, కళ్లజోడు, తాళాలు. నాలుగోది చదవండి."

"ముఖానికి మాస్కులు, రెండు. అయితే ఏంటి? పళ్ల డాక్టరు మాస్కు పెట్టుకోక ఇంకేం పెట్టుకుంటాడు?"

"నేనూ మొదట అలాగే అనుకున్నాను. నర్సును అడిగాను. ఒక్కో పేషెంటు అయిపోగానే మాస్కు తీసి బుట్టలో పడేస్తారట. పదిహేనేళ్లలో ఒక్కనాడూ మాస్కుతో క్లినిక్ గుమ్మం దాటలేదట. మంగళవారం కూడా వట్టి ముఖంతోనే వెళ్లారు. వెళ్తూ పెట్టెలోంచి కొత్త మాస్కులు రెండు జేబులో పెట్టుకున్నారు. ఇంకో సంగతి. పదిన్నర తరవాత రావాల్సిన పేషెంట్లందర్నీ సోమవారం సాయంత్రమే వద్దనేశారు, ఇంట్లో పని ఉందని. ఏం పని, ఇన్‌స్పెక్టర్ గారూ? తన ఇంట్లోకి, తన వంటింట్లోకి వెళ్లడానికి మనిషికి రెండు మాస్కులు ఎందుకు?"

ట్యాంకు మోటారు చప్పుడు హాల్లోంచి సన్నగా వినిపిస్తోంది.

"లోపల గాలి మంచిది కాదని తెలుసు కాబట్టి," అంది ఆరా. "ఇన్నేళ్లుగా ఆ మాస్కు ఆయన్ని అందరి నోటి తుంపర్ల నుంచీ కాపాడింది. ఈ ఆవిరి నుంచి కూడా కాపాడుతుందనుకున్నాడు. ఒకటి చాలదేమోనని రెండు పెట్టుకున్నాడు. తుంపర్లను ఆపే గుడ్డ ఆవిరిని ఆపదు."

ఆ తరవాతి మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఎదుట కూర్చున్నావిడ మూడు రోజుల కిందట భర్తను పోగొట్టుకుంది. ఇప్పుడు తాను చెప్పబోయే మాట ముప్పై ఏళ్ల కాపురాన్ని కూడా పట్టుకుపోతుంది. కానీ గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది, లాకప్‌లో ఒక మనిషి ఉన్నాడు.

"అమ్మా, ఈ మధ్య మీకూ ఆయనకూ ఏమైనా గొడవలా?"

"గొడవలేం లేవండీ. నెల కిందట, మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానని చెప్పాను. ఇక్కడ ఏ లైటు ఎన్నింటికి వెయ్యాలో, నేను ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో అన్నీ ఆయనే చెప్పాలి. ముప్పై ఏళ్లు చాలన్నాను."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. మర్నాటి నుంచి కాఫీ కూడా ఆయనే కలిపి ఇచ్చేవారు. ఎంతో బాగా చూసుకున్నారు."

"ఆయన పదకొండింటికి ఇంటికి వచ్చింది రాయిని చూడ్డానికి కాదమ్మా," అంది ఆరా నెమ్మదిగా. "ఆ కుర్చీలో మిమ్మల్ని చూడ్డానికి. చూసి, పొయ్యి కట్టేసి, కిటికీలు తీసి, ఉప్పునీళ్లాయన సలహా వల్ల నా భార్య పోయిందని ఏడవడానికి. కుర్చీ ఖాళీగా ఉండేసరికి మిమ్మల్ని వెతుకుతూ లోపలే ఉండిపోయాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడ్డారు."

ఆవిడ కన్నీళ్లు పెట్టుకోలేదు, కెవ్వుమనలేదు. నిశ్చేష్టురాలైందనుకుంది ఆరా. మంచినీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "కథ బ్రహ్మాండంగా ఉంది. ఒప్పుకుంటాను. కానీ అంతా ఒక్క మేకు మీద వేలాడుతోంది. ఆ రాయి ఆవిరి ప్రాణం తీస్తుందని డాక్టరుకు ముందే తెలిసుండాలి. మాస్కులు చూపిస్తే జడ్జి నవ్వుతాడు. తెలుసని ఒక్క కాగితం ముక్క చూపించండి, వాణ్ణి ఈ క్షణమే వదిలేస్తాను. లేదంటే నాలుగింటికి కోర్టు. నా మాట మీద నేనుంటాను."

"సాయంత్రం దాకా టైమివ్వండి."

"నాలుగు గంటలంటే సాయంత్రమే."

ఆరాకు ఒళ్లు మండింది. పాతరోజుల్లోనైతే ఫైలు విసిరికొట్టేది. ఇప్పుడు విసరడానికి ఫైలు కూడా లేదు.

అప్పుడు ఆవిడే అడిగింది. "అతన్ని నిజంగా కోర్టుకు తీసుకెళ్తారా?"

"అక్కణ్ణుంచి జైలుకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మూడు వారాల తరవాత రిపోర్టు వస్తే అప్పుడు చూద్దాం."

"అతను మంచివాడండీ. ఈ ఇంటికి వచ్చిన వాళ్లలో నన్ను తిన్నారా అని అడిగింది అతనొక్కడే."

ఆవిడ గడియారం వైపు చూసింది. తరవాత లేచి హాల్లోకి వెళ్లి, ట్యాంకు కింది అలమర తెరిచి, అట్ట ఉబ్బిపోయిన పెద్ద నోట్‌బుక్ ఒకటి తెచ్చి ఆరా ముందు పెట్టింది.

"ట్యాంకు పుస్తకం. మొదటిరోజు నుంచీ అన్నీ ఇందులో ఉన్నాయి."

ఆరా గబగబా పేజీలు తిప్పింది. తేదీ, నీళ్ల వేడి, ఉప్పు శాతం. గాజు గీకడం. వెంట్రుక నాచు చేత్తో పీకడం. నల్లగుడ్డ కప్పింది ఫలానా రోజు, తీసింది ఫలానా రోజు. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లింది. రెండేళ్ల కిందటి రెండో పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. పైన "ఉప్పునీళ్లాయన చెప్పిన జాగ్రత్తలు" అని ఉంది. కింద ఇలా ఉంది.

"బొత్తాం రాయిని తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు. ఎంత నాచు పట్టినా సరే దాన్ని వేడినీళ్లలో వెయ్యకూడదు. ఆవిరి పీలిస్తే ప్రాణం పోతుంది."

చివరి వాక్యం కింద రెండు గీతలు.

"ఇదిగో మీ మేకు!" ఆరా పుస్తకాన్ని టేబుల్ మీద ఇన్‌స్పెక్టరు వైపు తోసింది.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. మాట తప్పే మనిషి కాదు, ఫోన్ తీశాడు. "నేనే. ఆ ఉప్పునీళ్లాయన్ని వదిలెయ్యండి. అవునయ్యా, ఇప్పుడే. వాళ్లక్క బయట బెంచీ మీదే ఉంటుంది, అప్పజెప్పండి."

టైము మూడూ ఇరవై రెండు. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్రలేని ఆరాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అక్క ముఖం తలచుకుని మనసారా సంతోషపడింది. సంచి భుజాన వేసుకుని లేవబోయింది.

ఇన్‌స్పెక్టరు లేవలేదు. పుస్తకం మూయలేదు. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు.

"పోయినేడు మా ఆవిడ పంటి నొప్పికి ఈ డాక్టరు గారే మందులు రాసిచ్చారు," అన్నాడు తాపీగా. "ఏం రాశారో అర్థంకాక మందుల షాపువాడు క్లినిక్‌కు ఫోన్ చేశాడు. కోడి కెలికినట్టుంది రాత." పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు. "ఇక్కడేమో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరిదమ్మా ఈ రాత?"

ఆరా చెయ్యి సంచి మీదే ఉండిపోయింది. పక్కింటికి వెళ్లిన పావు తక్కువ పది. పొయ్యి కట్టెయ్యడానికైనా లోపలికి అడుగుపెట్టకుండా, పెరట్లోంచి తెరిచిన కిటికీలు. ఇంతసేపూ కళ్లముందే ఉన్నవన్నీ ఒక్కసారిగా వేరేగా కనిపించాయి. ఒకణ్ణి గోతిలోంచి బయటికి లాగిన చేత్తోనే ఇంకొకరిని అందులోకి తోశానని ఆమెకు అర్థమైంది.

"నాదే," అంది ఆవిడ. "ఆయన చేతులు ఎప్పుడూ నీళ్లలో ఉండేవి. ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ఆ గీతలు కూడా నేనే గీశాను."

"ఆయనకు ఆ సంగతి గుర్తులేదా?" అంది ఆరా.

"రెండేళ్లు రాశానండీ. పుస్తకం నింపింది తనే అనుకునేవారు. మంగళవారం కుర్చీ తెచ్చి వేస్తున్నప్పుడు కూడా ఆయనకు తట్టలేదు." ఆవిడ మొదటిసారి మంచినీళ్ల గ్లాసు అందుకుంది. "పొయ్యి వెలిగించాను. కిటికీలు మూశాను. చెప్పినవన్నీ చేశాను, కూర్చోవడం ఒక్కటి తప్ప."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. ఆయన ముఖంలో గెలిచినవాడి కళ ఏమీ లేదు. జేబులోంచి పెన్ను తీసి, ఒక తెల్లకాగితంతో పాటు ఆవిడ ముందుకు జరిపాడు.

"రాయండమ్మా," అన్నాడు. "ఈసారి మీ మాటలు."